నయం కాని సాక్ష్యం

పోర్ట్ బ్లెయిర్‌లో మా కాలేజీవాళ్లు ఏ పని మొదలుపెట్టినా ముందు బ్యానరు కట్టిస్తారు. ఆ పని ఏమిటో తర్వాత ఆలోచిస్తారు. విద్యార్థుల మనసు బాగోగులు చూడడానికని ‘మనోమిత్ర’ క్లబ్బు పెట్టినప్పుడూ అదే తంతు. బ్యానరు వచ్చింది. దాని మీద పళ్లికిలించే సూర్యుడు వచ్చాడు. ప్రారంభించడానికి ఒక పెద్దమనిషి వచ్చి, మనశ్శాంతి గురించి ఉపన్యాసం దంచి, మధ్యలో ఫోనెత్తి ఎవరినో బండబూతులు తిట్టి వెళ్లాడు. క్లబ్బుకు గది మాత్రం లేదు. చివరికి నేను చూసే లైబ్రరీ వెనక, చెదలు పట్టిన పుస్తకాలు పడేసే గది ఇచ్చారు. అలా ఆ భాగోతమంతా నా కళ్లబడింది.

క్లబ్బు నడిపే మేడమ్‌ది ఒకటే సిద్ధాంతం. నవ్వితే బాధ పోతుంది. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి “షేర్ కరో, షేర్ కరో” అని, మనసులోది చెప్పమని ఊదరగొట్టేది. వాళ్లు నేలచూపులు చూసేవారు. హాజరు కలుస్తుందని వచ్చేవాళ్లు కొందరు, సమోసా కోసం వచ్చేవాళ్లు కొందరు. జంగ్లీఘాట్ నుంచి వచ్చే చేపలవాళ్ల కుర్రాడు లక్ష్ముడు ఆ రెండింటి కోసమూ వచ్చేవాడు. సమోసా తినేసి, గోడకు చేరగిలబడి గురక పెట్టేవాడు. ఆ గదిలో నిజాయితీ ఉన్నది వాడి గురకకేనని నాకనిపించేది.

ఆ గుంపులోకి వచ్చి పడింది జ్ఞానవతి. రంగత్ ఊరి పిల్ల, హాస్టల్లో ఉండేది. తండ్రి జ్ఞానయ్య అక్కడి తెలుగు చర్చిలో సంఘపెద్ద. తల్లి ప్రేమావతి అంతకుముందు ఏడాది జ్వరంతో పోయింది. అప్పట్నుంచి ఈ పిల్లకు కంటిమీద కునుకు లేదు, ముద్ద గొంతు దిగదు, తెల్లారితే మంచం మీంచి లేవబుద్ధి కాదు. చదువు మానేసి ఇంటికి పోదామంటే, తండ్రి ఎదుట ఆ మొహం వేసుకుని తిరిగే ధైర్యం లేదు.

మేడమ్ “షేర్ కరో” అన్న మొదటిరోజే జ్ఞానవతి లేచి నిలబడింది. పాపం, అక్కడే పప్పులో కాలేసింది. వాళ్ల చర్చిలో ఆదివారం పూట సాక్ష్యం చెప్పడం ఆచారం. కష్టం వచ్చింది, మొరపెట్టుకున్నాను, విడుదల దొరికింది, దేవునికి స్తోత్రం. అందరూ ఆమేన్ అంటారు. కష్టం తీరనివాడు లేచి నిలబడడు. పాస్టరు చెవిలో చెప్పుకోవలసిందే. పదిమందిలో మనసు విప్పడానికి జ్ఞానవతి ఎరిగిన పద్ధతి అదొక్కటే. అందుకని తల్లి పోయిన సంగతి చెప్పింది, నిద్రలేని సంగతి చెప్పింది, పద్ధతి ప్రకారం చివర్న “ఇప్పుడు నాకు బాగైంది” అని ముగించి కూర్చుంది.

మేడమ్ కళ్లు చెమర్చాయి. క్లబ్బు పెట్టి నెల తిరక్కుండానే ఒకమ్మాయి బాగుపడింది, అదీ బ్యానరుకు పనికొచ్చే మాటలతో! ఇక చూసుకోండి. ఎవరొచ్చినా జ్ఞానవతి లేచి నిలబడాలి, బాగైందని చెప్పాలి. నోటీసుబోర్డు మీద ఆ పిల్ల ఫొటో పెట్టి, కింద ‘చీకటి నుంచి వెలుగులోకి’ అని రాశారు. పిల్ల రోజురోజుకీ ఎండుచేపలా అయిపోతోందని ఒక్కరికీ పట్టలేదు. నయమైపోయిన మనిషిని మళ్లీ చూసేంత తీరిక ఎవరికుంది?

ఒకనాడు బీరువాల మధ్య కూలబడి ఏడుస్తూ కనిపించింది.

“బాగైందన్నావు కదమ్మా?” అన్నాను.

“ఆఖర్న అలాగే అనాలి కదండీ సార్. అనకపోతే ఎలా కూర్చుంటాం?” అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి మేడమ్‌తో చెబితే, “నెగటివ్‌గా మాట్లాడకండి” అని నాకే క్లాసు పీకింది.

మానసిక ఆరోగ్య దినమని పెద్ద సభ పెట్టారు. ముందు వరస సోఫాల్లో అధికారులు జీడిపప్పు నములుతున్నారు. జ్ఞానవతిని మైకు ముందు నిలబెట్టారు. తల్లి సంగతి చెప్పింది, నిద్ర సంగతి చెప్పింది, ఆఖరి మాట దగ్గర ఆగిపోయింది.

“ఔర్ అబ్?” అని మేడమ్ పక్కనుంచి అందించింది. మరి ఇప్పుడో, అని.

“అబ్ భీ వైసా హీ హై,” అంది జ్ఞానవతి. ఆ తర్వాత తెలుగులోకి దిగిపోయింది. “ఇప్పుడూ అలాగే ఉందండి. నాకు బాగవలేదు. ఒక్కరోజు కూడా బాగవలేదు. బాగైందని చెప్పి చెప్పి ఇంకా పాడైపోయాను.”

మేడమ్ మైకు లాక్కుని, బహుమతి ప్రదానం అని ప్రకటించింది. అధికారులు చప్పట్లు కొట్టారు. హిందీ ముక్క జీడిపప్పు నమిలే చప్పుడులో కలిసిపోయింది, తెలుగు వాళ్లకు రాదు, వచ్చినా కొట్టేవాళ్లే.

జ్ఞానవతి తిన్నగా పుస్తకాల గదికి వచ్చి తలుపు మూలన కూర్చుంది. వెనకే లక్ష్ముడు వచ్చాడు.

“దీదీ, నాకూ బాగోనేదు,” అన్నాడు. “సదువవగానే బోటెక్కమంతన్నాడు మా అయ్య. నాకు దరియా అంటే బయ్యం. సంద్రంలోకెల్తే ఒల్లంతా వనుకుతాది. సేపలోడి కొడుకునై ఉండి ఈ మాట ఎవుల్తో సెప్పుకోను? అడుగుతారని రోజూ ఇక్కడ తొంగున్నట్టు నటించేవోడిని.”

అంటే ఆ గురక కూడా దొంగదే! ఇన్నాళ్లూ అది నిజమని నమ్మిన నా తెలివికి నాకే రోత పుట్టింది.

మేడమ్ నెల తిరక్కుండా బీచ్‌లు శుభ్రం చేసే క్లబ్బుకు మారిపోయింది, కొత్త బ్యానరుతో సహా. గది మిగిలింది. శనివారాలు నలుగురైదుగురు పిల్లలు వాళ్లంతట వాళ్లే చేరేవారు. లక్ష్ముడి తల్లి కామమ్మ కట్టిచ్చిన అన్నం, చేపల వేపుడు మధ్యలో పెట్టుకుని, ఎవరికి ఎంత బాగాలేదో చెప్పుకునేవారు. మంచి సలహా ఇచ్చినవాణ్ణి తిట్టేవారు. జ్ఞానవతి మారు వడ్డించుకోవడం మొదటిసారి అక్కడే చూశాను.

ఇంతలో కబురు రంగత్ చేరింది. సంఘపెద్ద కూతురు నలుగురిలో నిలబడి విడుదల లేదందట! చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. జ్ఞానయ్య రోజంతా బస్సులో కూర్చుని, దుమ్ము కొట్టుకుపోయిన తెల్లచొక్కాతో, చెక్కుచెదరని పెద్దరికంతో ఆ గది గుమ్మంలో దిగాడు.

“సామాను సర్దుకో. పరువు తీసింది చాలు,” అన్నాడు.

“కూర్చో నాన్నా,” అంది జ్ఞానవతి. లక్ష్ముడు లేచి కుర్చీ ఇచ్చాడు.

జ్ఞానయ్యకు కూర్చోక తప్పలేదు. పిల్లలందర్నీ ఎగాదిగా చూశాడు. “ఇక్కడికొచ్చి ఒక్కళ్లకైనా నయమైందా?”

“లేదు నాన్నా.”

“మరెందుకు రావడం?”

“లేదని చెప్పుకోడానికి.”

ఆయన గొంతు కొంచెం తగ్గింది. “ఆ మాటేదో నాతో చెప్పకూడదటే? మీ అమ్మ పోతే నాకు పోలేదా? నేను కన్నతండ్రిని కానా?”

“నీతో చెప్పాలంటే ముందు నయమవ్వాలి కదా నాన్నా,” అంది జ్ఞానవతి.

మర్నాడు జ్ఞానయ్య రంగత్ బస్సులో ఒక్కడే వెళ్లిపోయాడు.