బ్రేకు దగ్గర గీరుడు చప్పుడు

మాది కొత్తపేట. కారు నేర్చుకున్న ఏడాదే మామగారిని అమలాపురం కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రం దగ్గర గీరుతున్న చప్పుడు వస్తోంది.

"బ్రేకు ప్యాడ్లు అరిగిపోయేయమ్మా. ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. ఇక్కడే ఆపేసి మెకానిక్కుని పిలుద్దాం" అన్నారు.

"వారం నుంచీ ఇలాగే వస్తోందండీ, ఏం కాదు" అన్నాను.

కాలవ గట్టు మలుపు తిరగగానే ముందు బడిపిల్లల సైకిళ్లు కనిపించాయి. బ్రేకు గట్టిగా తొక్కినా కారు గీరుకుంటూ ముందుకే పోయింది. మామగారు చప్పున హ్యాండ్ బ్రేకు లాగారు. చివరి పాప సైకిలుకి జానెడు దూరంలో ఆగాం.

ఆ పాప వెనక్కి తిరిగి, మమ్మల్ని చూసి నవ్వి, వెళ్లిపోయింది. నాకు స్టీరింగు మీంచి చేతులు రాలేదు.

"కాసేపు దిగి కూర్చోమ్మా" అన్నారు మామగారు.

ఏం తప్పిందో తెలియని ఆ పాప నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.