కడప ఆటో, కర్నూలు ఆటో

కర్నూలు ఆటో ఎక్కి ఒంటరిగా కూర్చోవడం ఎవరి వల్లా కాదు. బండిలో ఎంతమంది పడతారో కుక్కేవాడికే తెలియదు. "జరుగప్పా, ఇంగొంచెం జరుగు" అని డ్రైవరు వెనక్కి తిరిగి కేకలేస్తూనే ఉంటాడు. పక్కనున్న ముసలామె అడగకుండానే కూరగాయల సంచి మన ఒళ్ళో పెట్టి, మనది ఏ వీధి, ఎందరు పిల్లలు, మగనికి ఏం పని, అన్నీ రాబట్టేస్తుంది. బురుజు దగ్గర ఎక్కి సి క్యాంపులో దిగేలోపు, మొహమైనా చూడని ఆమె కోడలి మీద మనకూ కోపం వచ్చేస్తుంది. నేను పుట్టిందీ మెట్టిందీ ఆ ఊళ్ళోనే. ఆటో అంటే ఎక్కడైనా ఇట్లాగే ఉంటుందనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక ఉద్యోగం నన్ను కడపకు తోలింది. మొదటిరోజు ఏడురోడ్ల దగ్గర ఆటో ఎక్కబోతే వెనక సీట్లో ఇద్దరు మగవాళ్ళున్నారు. డ్రైవరు వాళ్ళతో, "అన్నా, మీరు ముందుకు రాండి, ఆడమనిషి ఎక్కుతాండాది" అన్నాడు. వాళ్ళు మారుమాట లేకుండా దిగి, వాడికి చెరో పక్కన ఇరుక్కున్నారు. వెనక సీటంతా నాకే. మర్యాదే, కాదనను. కానీ ఎర్రముక్కపల్లి దాకా ఆ ఖాళీ సీటు మీద ఒక్కదాన్నే పోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఈ ఊరు నాకు నమస్కారం పెట్టి దూరంగా కూర్చోబెట్టిందనిపించింది.

మా ఆయనకు కర్నూలు పాతబజారులో కిరాణా అంగడి. తాతల నాటిది. దాన్ని మూటగట్టుకుని నా వెంట రమ్మనడానికి లేదు. సర్కారు కొలువు వదిలెయ్యమనడానికి ఆయనకూ నోరు రాలేదు. పాపకు అప్పుడు రెండేళ్ళు. "నేను లేనా? నువ్వు నిమ్మళంగా పోయిరా తల్లీ" అంది మా అత్త. అట్లా నేను చిన్నచౌకులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. శనివారం ఆఫీసు మూయగానే కర్నూలుకు, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ కడపకు. రైలు లేకపోలేదు. అది గుత్తి మీదుగా ఊళ్ళన్నీ చుట్టి, మనకు పనికిరాని వేళకు వచ్చేది. కాబట్టి మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా ఎర్రబస్సే గతి. కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టే విద్యలో నేను ఏ మగవాడికీ తీసిపోయేదాన్ని కాదు.

మిగతా రోజులు పోట్లాటతో గడిచేవి. ఆఫీసులో నా పక్క టేబులాయన రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. కడప తప్ప వేరేది ఊరే కాదంటాడు. హైదరాబాదుకు మెట్రో రైలు వస్తుందని ఒకరోజు పేపర్లో చదివి నా వైపు తిరిగాడు.

"మాకు రింగురోడ్డు పడె. ఇంగ రేపో మాపో ఊరి నడుమ రైలు కూడా తిరుగుతాది, సూడమ్మా."

"రైలు తిరిగేకి ఊరు పెద్దదై ఉండాల గదా సార్? మీ ఊర్లో ఈ కొసన తుమ్మితే ఆ కొసన చిరంజీవ అంటారు."

"అబ్బో, మీది శానా పెద్దూరు మల్ల! ఆటో ఎక్కితే ఏ కాలు ఎవరిదో తెలీదంట. మూన్నాళ్ళ ముచ్చట రాజధానికి ఇంత మిడిసిపాటు ఏందమ్మా?"

అంతే, టీ చల్లారిపోయేది. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అన్నట్టు ఇద్దరం దిగేవాళ్ళం కాదు. నిజానికి ఆ పోట్లాట లేని రోజు నాకు అన్నం సయించేది కాదు. సాయంత్రం ఆయన తన వాళ్ళ దగ్గరికి పోయేవాడు. నేను మళ్ళీ ఖాళీ సీట్లో కూర్చుని గదికి పోయేదాన్ని. తాళం తీసి లోపలికి పోతే మళ్ళీ నోరు తెరిచే పని మర్నాడు ఆఫీసులోనే. ఇంటావిడ మంచిదే. మంచిది కాబట్టే నన్ను కదిలించేది కాదు. ఫోనులో పాప మొదట్లో "అమ్మా ఎప్పుడొస్తావు" అని ఏడ్చేది. తర్వాత్తర్వాత "బాగుండా" అని చెప్పి ఫోను వాళ్ళ అవ్వకిచ్చి ఆటకు పరుగెత్తేది. పిల్ల ఏడవనందుకు సంతోషించాలి. నాకు మాత్రం ఇట్లాగే ఇంకొన్నేళ్ళు గడిస్తే ఆ పిల్లకు నాతో పని లేకుండా పోతుందని భయం పట్టుకుంది.

మా శాఖలో బదిలీకి దగ్గరిదారి మ్యూచువల్. అంటే నా హోదాలోనే ఉండి, కర్నూల్లో పనిచేస్తూ, కడపకు రావడానికి ఒప్పుకునే మనిషిని మనమే వెతుక్కోవాలి. ఇద్దరం కలిసి అర్జీ పెట్టుకుంటే పైవాళ్ళు సాధారణంగా కాదనరు. పెళ్ళి సంబంధం వెతికినట్టు వెతికాను. చివరికి దారి చూపించింది ఆ పక్క టేబులాయనే.

"మా కమలాపురం పిల్ల ఒకతి మీ ఊర్లో పనిచేస్తాండాది. సొంతూరికి దగ్గరంటే ఎగిరి గంతేస్తాది" అన్నాడు.

ఆ పిల్ల గంతెయ్యలేదు. రెండో శనివారం సెలవురోజు కర్నూల్లో ఆమెను కలిశాను. ముప్పై దాటిన మనిషి, పెళ్ళి కాలేదు, హాస్టల్లో ఉంటోంది. కలెక్టరేటు దగ్గర ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. ఎక్కీ ఎక్కగానే డ్రైవరు ఆమెను, "ఏమక్కా, నిన్న రాలేదే?" అని పలకరించాడు.

"సూస్తివా అక్కా" అంది నాతో. "ఈడ ఆటోవాళ్ళకు కూడా నేనెవరో తెల్సు. కమలాపురంలో నాకు మిగిలింది తాళమేసిన ఇల్లు. ఆడికి పోయి ఏం చేయాల?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏ ఎండకా గొడుగు పట్టక తప్పలేదు. ఇన్నేళ్ళు తిట్టిన నోటితోనే కడప ఆటోల మీద దండకం ఎత్తుకున్నాను. ఆడవాళ్ళు ఎక్కితే మగవాళ్ళు లేచి ముందుకు పోతారన్నాను. సీటంతా మనదే, చీర నలగదన్నాను. ఎవరూ మన సంగతులు తవ్వరన్నాను. మా కర్నూలు ఆటోను, అది వింటుండగానే, సంతకు పోయే గొర్రెల బండి అన్నాను. మా మధ్య ఇరుక్కున్న ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "నీదే ఊరమ్మా?" అంది. ఈ ఊరేనని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ పిల్ల పకపకా నవ్వింది. "నేను పుట్టింది ఆడనే గదక్కా, నాకు చెప్తాండావా? అంత బాగుంటే నువ్వెందుకు వదిలిపెట్టి వస్తాండావు?"

"నా కూతురు ఈడ ఉండాది" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆ మాట ముందే చెప్పుంటే అయిపోతుండె గదక్కా" అంది. సోమవారం అర్జీ మీద సంతకం పెట్టింది. ఆమె ఇష్టంగా పెట్టిన సంతకం కాదని నాకు తెలుసు. ఆ ఖాళీ సీటు ఇప్పుడు ఆమెది. చాలాసార్లు గుర్తొస్తుంది.

పాపకు ఆరో ఏడు నడుస్తుండగా ఆర్డరు వచ్చింది. సామాను సర్దుకుని వచ్చేశాను. ఆ వారమంతా కర్నూలు ఆటోల్లో ఒళ్ళో ఎవరు సంచి పెట్టినా నాకు పండగే. పొద్దున నేను ఆఫీసుకు, పాప బడికి. పని తెమిలి చీకటి పడ్డాక నేను ఇల్లు చేరేసరికి అది వాళ్ళ అవ్వ చేత అన్నం తినిపించుకుని, ఆమె పక్కలో నిద్రపోయేది. అలవాటు మెల్లగా మారుతుందిలే అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పాప వచ్చి నా ముందు నిలబడి బుగ్గ చాపింది. ఎందుకో నాకు తట్టలేదు.

"ముద్దు పెట్టి పో" అంది.

"యాడికి పోవాల?"

"మీ ఊరికి. కడపకు."

దాన్ని దగ్గరికి లాక్కున్నాను. ఇంక కడపకు పోనని, నా ఊరు ఇదేనని, దినామూ నీ పక్కనే పండుకుంటానని చెప్పాను. అది సంతోషపడుతుందని దాని మొహంలోకే చూస్తున్నాను.

"శనివారమంటే సరే. దినామూ నువ్వే పండుకుంటే మరి అవ్వ యాడ పండుకోవాల?"

వంటింటి గడపలో నిలబడి వింటున్న మా అత్త చప్పున లోపలికి పోయింది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆ రాత్రి అవ్వనూ మనవరాలినీ మంచం మీదే ఉండనిచ్చి, నేను కింద చాప పరుచుకున్నాను.