కరుణమ్మ ముక్కు

బళ్ళారిలో జీన్స్ ఉతికే ఒక యూనిట్లో కరుణమ్మ పనంతా ముక్కుతోనే. ఇస్త్రీ అయిన ప్రతి ప్యాంటునూ నడుము దగ్గర మడత విప్పి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి పీల్చి పక్కన పెడుతుంది. జపానుకు పోయే సరుకులో బీడీ వాసన తగిలితే మొత్తం వెనక్కి వస్తుంది. అందుకే లోపల బీడీ ముట్టించినవాడికి ఆ రోజుతో పని సరి అని గోడ మీద రాయించారు. ఆవేళ సరుకు చూడటానికి జపాను ఆయనే వచ్చాడు. గేటు బయట సిగరెట్టు తాగి, బూడిద కూడా కింద పడనీయకుండా జేబులోని చిన్న డబ్బాలో దులుపుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో వీధిలో తాగితే జరిమానా అట. లోపలికొచ్చి, తన ముక్కు పొగకు మొద్దుబారిందనీ, కరుణమ్మ మాటే ఖాయమనీ సూపర్‌వైజరు కేశవ చేత చెప్పించాడు.

మూడో ప్యాంటు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఆ బీడీ వాసన ఇరవయ్యేళ్ళుగా తన పక్క దిండు మీద ఎరిగినదే. ఇస్త్రీ బల్ల దగ్గర భర్త సత్యవేదం తల ఎత్తలేదు.

"సుమ్నే, ఊరికే ఏం ల్యాదని చెప్పక్కా, జల్దీ," కేశవ పళ్ళ బిగువున అన్నాడు.

"ఉండాదప్పా," అంటూ ఆమె దాన్ని తీసేసే వాటి వైపు పడేసింది.

"ఎవురిది?"

ఆమె పెదవి కదిపేలోపే ఇస్త్రీపెట్టె దబ్బున బల్ల మీద ఆనింది.

"నాదే. ఆమెనేం అడుగుతావు, నన్నడుగు," అన్నాడు సత్యవేదం.

కరుణమ్మ అతని వైపు చూడలేదు. నాలుగో ప్యాంటు తీసి, పీల్చి, దాన్నీ మూడోదాని మీదే పడేసింది.