ఇడ్లీ ప్లేటులో నాలుగు బిళ్ళలు

ఆ వేసవికి నా మోటార్‌సైకిల్ వెనక సీటు ఖాళీ అయి మూడేళ్ళు. అంతకుముందు నా భార్య ప్రతి ఆదివారం దాని మీద కూర్చునేది. ఒకసారి డెంటన్ ఊరి నుంచి మేముండే ఇర్వింగ్‌కి వస్తూ గ్యాస్ స్టేషన్‌లో ఆపాం. పెట్రోల్ పోసుకున్నాక బండి స్టార్ట్ కాలేదు. ఎండలో నిలబడి స్నేహితుడికి ఫోన్ చేస్తే కారు తీసుకొచ్చాడు. "గురూ, ఈసారి ఎడ్లబండి కొనుక్కో, కనీసం ఎండుగడ్డికి కదులుతుంది" అన్నాడు. ఆవిడ కారెక్కి, అప్పటి నుంచి ఇక వెనక సీటు ఎక్కలేదు.

ఇంజను చల్లగా ఉంటే ఒక్క నొక్కుకే అందుకునేది, వేడెక్కాక మొండికేసేది. నేను కాలేజీలో చదివింది చరిత్ర. లెక్కలూ మెకానిజమూ సొంతంగా పట్టుబడ్డవే. బ్యాటరీ మార్చాను, ప్లగ్గు మార్చాను, కార్బొరేటర్ విప్పి కడిగాను. ఏదీ పనిచేయలేదు. చివరికి సర్వీస్ మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదివితే వాల్వుల దగ్గర దొరికింది. వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. అరుగుదలతో ఆ ఖాళీ తగ్గిపోతే, వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. నా బండి జబ్బుకు ఇది అచ్చంగా సరిపోయింది.

ఆ మాట చెబితే ఆవిడ అంది: "సరే, ఇదొక్కటీ చూడండి. పై వారం ఆదివారానికి నాకు నమ్మకం కుదిరితే కూర్చుంటా. లేదంటే ఇంకెప్పుడూ అడక్కండి."

ఇంజను ముప్పై అయిదు సెంటిగ్రేడు లోపు ఉన్నప్పుడే కొలవాలని మాన్యువల్. టెక్సస్ జులైలో మా గరాజు మధ్యాహ్నానికి నలభై దాటుతుంది. అందుకని శనివారం తెల్లవారుజామున అయిదింటికే మొదలుపెట్టాను. మా ఇంజనుకు నాలుగు వాల్వులు: గాలిని లోపలికి తీసుకునేవి ఒకటి, రెండు, పొగను బయటికి పంపేవి మూడు, నాలుగు. పలచని ఉక్కు రేకులు దూర్చి ఖాళీలు కొలిచాను. మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన మొదటి రెంటికీ పది నుంచి ఇరవై దాకా, తర్వాతి రెంటికీ పదిహేను నుంచి ఇరవై అయిదు దాకా ఉండాలి. వచ్చినవి అయిదు, ఎనిమిది, పన్నెండు, పది. నాలుగూ బిగుసుకుపోయాయి. జబ్బు దొరికిందని నాకు సంతోషమేసింది.

ఒక్కో వాల్వు నెత్తిన చిన్న రూపాయి బిళ్ళలాంటి ఉక్కు ముక్క ఉంటుంది. ఖాళీ ఎంత పెరగాలో బిళ్ళ అంత పలచబడాలి. లెక్క అంతే. బిళ్ళలు కలిసిపోకుండా వంటింట్లోంచి ఇడ్లీ ప్లేటు తెచ్చాను. నాలుగు గుంటలు, నాలుగు బిళ్ళలు, నావైపున్న గుంట ఒకటోది. ఇంతకంటే తగిన పాత్ర ఇంకేముంటుందనుకుని, వాషింగ్ మెషీన్ మూత మీద పెట్టి కాఫీ తాగడానికి లోపలికి వెళ్ళాను.

వచ్చి బిళ్ళల మందం అదే నూరో వంతుల్లో కొలిచి నోటు పుస్తకంలో వరసగా రాసుకున్నాను: 265, 260, 270, 250. కావలసిన కొత్త మందాలు లెక్కగట్టి బైక్ షాపుకు వెళ్ళాను. పాతవి వాళ్ళకే ఇచ్చేసి కొత్తవి తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున్న వాటిని బిగించి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్ళీ కొలిచాను.

మూడో వాల్వు దగ్గర ఇరవై రెండు రావాలి. రెండు వచ్చింది. నాలుగో దాని దగ్గర ముప్పై అయిదు.

రేకులు తుడిచి మళ్ళీ కొలిచాను. అవే. అలా బిగించి నడిపి ఉంటే మూడో వాల్వు కాలిపోయేది. బండి పక్కన స్టూలు వేసుకుని పుస్తకం తెరిచాను. కొలతలు తప్పు కాదు, కూడికలు తప్పు కాదు. పాత బిళ్ళలు షాపులో ఉన్నా వాటి మందం లెక్కలో దొరుకుతుంది. మూడో వాల్వుకు ఇప్పుడున్న బిళ్ళ 260, ఖాళీ 2, మొత్తం 262. పాత ఖాళీ 12 తీసేస్తే పాత బిళ్ళ 250 అయి ఉండాలి. నా పుస్తకంలో 250 ఉన్నది నాలుగో గుంట ఎదురుగా. నాలుగో వాల్వుకు అలాగే చేస్తే 265. అది ఉన్నది ఒకటో గుంట ఎదురుగా. మిగతా రెండూ అంతే. ప్రతి బిళ్ళా ఒక గుంట పక్కకు జరిగింది. నాలుగూ ఒకేసారి జరగాలంటే తిరిగింది బిళ్ళలు కాదు, ప్లేటు.

లోపలికి వెళ్ళి అడిగాను. "నిన్న పొద్దున ఆ ఇడ్లీ ప్లేటు తిప్పావా?"

"తిప్పలేదు. తీసి, బట్టలు మెషీన్‌లో వేసి, మళ్ళీ అక్కడే పెట్టాను."

"పెట్టినప్పుడు తిరిగింది."

"గుండ్రటి ప్లేటుకి ముందూ వెనకా ఏముంటుందండీ? గుర్తు పెట్టుకోవద్దూ?"

నిజమే. మార్కర్‌తో ఒక్క చుక్క పెట్టి ఉంటే సరిపోయేది. నన్ను కాపాడింది జాగ్రత్త కాదు, రెండోసారి కొలవడం. ఆ సంగతి దాచలేదు. తప్పు బిళ్ళలు బిగించాననీ, నడిపి ఉంటే ఇంజను పాడయ్యేదనీ అంతా చెప్పాను. వెనక సీటు ఆశ అక్కడితో పోయిందనే అనుకున్నాను.

ఆవిడ గిన్నెలు తోముతూనే, "మరి ఎలా తెలిసింది?" అంది.

"బిగించాక మళ్ళీ కొలిచాను."

"ఎవరైనా చెప్పారా కొలవమని?"

"లేదు. ప్రతిసారీ కొలుస్తాను."

నేను గరాజుకు వెళ్ళి మళ్ళీ లెక్కగట్టాను. ఉన్న నాలుగింటిలో మూడింటి చోట్లు మారిస్తే సరిపోతాయి. ఒకటో వాల్వుకు మాత్రం 250 బిళ్ళ కావాలి. మంగళవారం అది తెచ్చాను. బుధవారం తెల్లవారుజామున బిగించి, నాలుగు ఖాళీలూ కొలిచి రాసుకున్నాను. తల ఎత్తితే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, డ్యూటీ బట్టల్లో. హాస్పిటల్ ఫార్మసీలో పని.

"ఆ పుస్తకం మూసెయ్యండి. ఆ రేకులు ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"మా దగ్గర ఒకరు లెక్కేసిన డోసుని ఇంకొకరు చూడకుండా మళ్ళీ లెక్కేస్తారు. అప్పుడే మందు బయటికి వెళ్తుంది."

రేకు ఎంత బిగువుగా జారాలో ఒకసారి చూపించాను. తర్వాత పక్కకు జరిగాను. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని ఇరవై నిమిషాలు కొలిచింది. పాత బిల్లు వెనక నాలుగు అంకెలు రాసి నా పుస్తకం పక్కన పెట్టింది. మూడు కలిశాయి. రెండో వాల్వుకు నేను పద్దెనిమిది రాశాను, ఆవిడ పదిహేడు.

"రెండూ ఇరవై లోపేలే" అన్నాను.

"మందుల దగ్గర అలా అంటే నా ఉద్యోగం ఊడుతుంది. మళ్ళీ కొలుద్దాం."

ఇద్దరం ఒకే రేకు పట్టుకుని మళ్ళీ కొలిచాం. పద్దెనిమిది. ఆవిడ తన అంకె కొట్టేసి దిద్దుకుంది.

"ఆదివారం ఎన్నింటికి బయల్దేరతాం?" అంది చేతులు తుడుచుకుంటూ.

"ఆరున్నరకి. ఎండ ముదరకముందే."

"ఏడు. ఒక్క ఆదివారమైనా నిద్రపోనివ్వండి."

ఏడింటికే బయల్దేరాం.