మూడు ఆమెన్లు

మా ఊళ్లో చర్చిల ఐక్యత అంటే ముందు కుర్చీల సంగతి. ఏ పాస్టరు గారికి చేతుల కుర్చీ, ఎవరికి ప్లాస్టిక్ స్టూలు అన్నది తేలితే తప్ప దేవుడి పేరు ఎత్తరు. ఆ ఐక్య ప్రార్థన కమిటీకి నేనే సెక్రటరీని. అందుకే ఇంత ధైర్యంగా తిడుతున్నాను.

అమ్మకి గుండె ఆపరేషన్ ఖాయమైంది. సోమవారం పొద్దున్నే కోల్‌కతా తీసుకెళ్లాలి. దేనికీ జంకని మనిషి మొదటిసారి బెంబేలెత్తిపోయింది. "ఒరే, అందరూ కలిసి ఒక్కపాలి పార్దన సేస్తే సాలురా. ఇంకేటీ వొద్దు" అంది.

అమ్మ లెక్కలో అందరూ అంటే మేమూ, గోడ పక్క క్వార్టర్లో ఉండే అత్తా. అమ్మ ఆవిణ్ణి వదినా అనేది, నేను అత్తా అనేవాణ్ణి. మేం బాప్టిస్టులం, ఆవిడ క్యాథలిక్. నాన్న రైల్వే వర్క్‌షాపులో చేరినప్పటి నుంచీ, మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక ఇద్దరూ మా మెట్ల మీద కూచుని ప్రార్థన చేసుకునేవారు. ఆవిడ జపమాల తిప్పుతుంటే అమ్మ కళ్లు మూసుకుని ఊఁ కొట్టేది. దానికి బ్యానరు లేదు, తీర్మానం లేదు.

నాకది చాల్లేదు. కమిటీకి కబురు పెట్టాను. ఆదివారం సాయంత్రం మా పేట పూరీ గేట్‌లోని క్వార్టర్‌కి ముగ్గురు దిగారు: మా పాస్టరు, అత్త వాళ్ల చర్చి ఫాదర్, ఒక పెంతెకొస్తు పాస్టరు. బ్యానరు కట్టడానికి అమ్మ మంచం జరిపారు.

తంటా అంతా చివరి ఆశీర్వాదం దగ్గర వచ్చింది. ఆ నాలుగు మాటలూ చేతులెత్తి చెప్పినవాడే ఆ కూడికకి పెద్ద అన్నట్టు. "మీరే కానివ్వండి" అంటూ ముగ్గురూ వినయం ఒలకబోశారు. ఒకాయన నోరు తెరవగానే మిగతా ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. ఆఖరికి ముగ్గురూ ఇచ్చారు. మొదటి ఆమెన్‌కి లేచాం, మళ్లీ కూచున్నాం. రెండోదానికి లేచాం, కూచున్నాం. మూడోది ముందు రెండూ కలిపినంత పొడుగు. ఈలోగా అమ్మ తల దిండు మీద వాలిపోయింది. ఎవరి కోసం వచ్చారో ఒక్కడికీ గుర్తులేదు. సిగ్గులేని మనుషులు.

అమ్మ కళ్లు తెరిచి, "వొదినేదిరా?" అంది.

అత్త వంటింట్లో పెద్దలకి టీ కాస్తోంది. కాయమన్నది నేనే. పిలిస్తే తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, నేల మీద కూలబడి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"పెబువా, రేపు మా వొదినికి బయమెయ్యనీకు. నాను రాలేను. నువ్వు ఎంట ఎల్లు."

అంతే. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చి, "సాలు" అంది. ఆ రాత్రి నిద్రపోయింది కూడా.

"మంచి సహోదరి" అని మెచ్చుకుని, ఫాదర్ టీలో చక్కెర తగ్గిందన్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. వారం పోయాక వార్డులో అమ్మ పక్కన కూచుని, నేను రాసిన కమిటీ రిపోర్టు గొప్పగా చదివి వినిపించాను. ముగ్గురు పెద్దల హోదాలు, మూడు ఆశీర్వాదాలు, అన్నిటికన్నా కింద "స్థానిక సహోదరి ఒకరు తేనీరు అందించారు" అని ఒక్క ముక్క.

అమ్మ ఊఁ కొట్టకుండా వింది.

"మరి పార్దన సేసిందెవులో రాయనేదేటిరా?" అంది.