ఎవరు సచ్చిండ్రు మిస్?

కొండాపూర్‌లో ఏ కొత్త బిల్డింగ్ ముందు నుంచి పోయినా, తడి సిమెంటు వాసన తగిలితే చాలు, నాకు ఆ పాటే గుర్తొస్తుంది. తొంభైల చివర, హైటెక్ సిటీ లేస్తున్న రోజుల్లో, మా బడి కొత్త వరండా కూడా అదే వాసన వేసేది.

ఆరో తరగతిలో పాటల మిస్ ఒక క్యాసెట్ పెట్టింది. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇటలీ పాట, మాడ్రిగల్ అంటారని చెప్పింది. వాయిద్యాల్లేవు, ఐదు గొంతులే. ఒక గొంతు ముగియకముందే ఇంకో గొంతు అందుకునేది. స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకునేవి.

"ఎవరు సచ్చిండ్రు మిస్?" అన్నాను. క్లాసంతా నవ్వింది.

"ఎవరూ చావలేదమ్మా, ఇది ప్రేమ పాట. సారీ చెప్పి కూర్చో."

"కాదు మిస్. మా నానమ్మ పోయిననాడు మా మేనత్తలు గిట్లనే ఏడ్చిండ్రు. మెడలు పట్టుకొని, ఎవరి మాటలు వాళ్లవే, అందరు ఒక్కసారే."

సారీ చెప్పేదాకా లోపలికి రావద్దని మిస్ నన్ను వరండాలో నిలబెట్టింది. లోపల మళ్లీ క్యాసెట్ తిరిగింది. నేను మేనత్తల్లాగే రాగం తీసి, "నన్నిడిసి ఎట్ల పోతివే నానమ్మా" అని ఆ ఐదుగురితో గొంతు కలిపాను. క్యాసెట్ ఆగినా నేను ఆగలేదు.

మొన్న ఆ పాట ఫోన్‌లో దొరికింది, అర్థం చదివాను. వదిలిపోతున్న ప్రియురాలి కోసం, నా ప్రాణం పోతోందని ఒకడు ఏడుస్తున్నాడట. మిస్ అన్నట్టు అది ప్రేమ పాటే.

సారీ మాత్రం ఇప్పటికీ చెప్పను.