మొదటాట అత్త చూడని పది నిమిషాలు

బజారు మూల మీద కుట్టు మిషన్లు బాగుచేసే ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధి మొత్తానికీ ఆవిడ మొదటాట అత్త. శుక్రవారం కొత్త సినిమా వచ్చిందంటే, మొదటి ఆట చూసొచ్చేదాకా కొట్టు తెరవదు. దారం తెగుతోందనీ సూది విరుగుతోందనీ మిషన్లు మోసుకొచ్చిన దర్జీలు మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తారు. విసుక్కోరు కూడా. తాళం తీస్తూ సినిమా గురించి ఆవిడ చెప్పే మాట కోసమే సగం మంది వస్తారు.

చిన్న వయసులోనే భర్త పోతే తండ్రి దగ్గర ఈ పని నేర్చుకుంది. తండ్రీ పోయాక కొట్టూ, దాని వెనక ఒంటిగదీ మిగిలాయి. గదిలో ఒక్కతే నవ్వితే పిచ్చిదంటారని, రెండు వందల మంది మధ్య చీకట్లో కూర్చుని నవ్వడం అలవాటు చేసుకుంది. ఏడవాలన్నా అక్కడే.

సినిమాల మీద ఆవిడ అభిప్రాయాలను ఊరి మీదకు వదిలింది మాత్రం తమ్ముడి కూతురు. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ఆ అమ్మాయి శనివారం సాయంత్రం వచ్చి, లైవ్ పెట్టి ఫోను ఎత్తి పట్టుకునేది. అత్త ఏదో ఒక మిషను పొట్ట విప్పి నూనె వేస్తూ మాట్లాడేది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ మాటలు వినేవాళ్లు వేలల్లోకి వెళ్లారు.

ఆ నెలలో వరసగా నాలుగు సినిమాలొచ్చాయి. దయ్యం సినిమా గురించి, "దయ్యం కనపడనంతసేపూ ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాను. కనపడ్డాక జాలేసింది. పాపం, ఆ విగ్గు దానికెవరు పెట్టారో" అంది. ఒక కారు కోసం కొట్టుకునే తోడల్లుళ్ల కథకి మొదటి అరగంట పొట్ట పట్టుకుని నవ్వానంది. "ఆ తరవాత తెర మీద వాళ్లే నవ్వుకున్నారు. నేను చేతి గడియారం చూసుకున్నాను." ఉద్యోగం మానేసిన ముసలి బస్సు డ్రైవరు కథ ఒకటి వచ్చింది. హాల్లో పదకొండు మంది ఉంటే నలుగురు గురకలు పెట్టారట. "నేను మాత్రం రెప్ప వెయ్యలేదు. ఆయన బస్సు దిగి ఇంటికొచ్చాక కూడా తలుపు వెయ్యబోయే ముందు ఒకసారి వెనక్కి చూస్తాడే, ఎవరైనా ఎక్కాల్సినవాళ్లు మిగిలారేమో అన్నట్టు! ఆ ఒక్కదానికే వెళ్లండి" అంది. ఆ ఆదివారం హాలు సగం నిండిందని చెప్పుకున్నారు.

నాలుగోది పెద్ద హీరో పోలీసు సినిమా.

"ఆ హీరో తల్లిని మొదట్లో మనల్ని ఏడిపించడానికి వాడుకున్నారు. తరవాత ఆవిడ ఊసే లేదు. బతికిందో చచ్చిందో కొడుక్కీ పట్టలేదు, తీసినవాళ్లకీ పట్టలేదు. వందమందిని తన్నేవాడికి అమ్మ దగ్గరికి వెళ్లే తీరిక దొరకలేదా?" అంది అత్త.

ఆ మాట నిప్పంటుకున్నట్టు పాకింది. ఆదివారం పొద్దున్నే మేనకోడలు ఫోను చేసింది.

"అత్తా, అందరూ తిడుతున్నారు. ఇంటర్వెల్ అవగానే తల్లి సీను ఉందంట. నువ్వసలు సినిమానే చూడలేదంటున్నారు."

"నేనా? చూడకుండా మాట్లాడతానా?" అంది అత్త. అంటూండగానే శుక్రవారం సంగతి గుర్తొచ్చింది.

ఆ రోజు ఇంటర్వెల్లో బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఫోను చేశాడు. ఆరు మిషన్లు ఒక్కసారే మొరాయించాయని గగ్గోలు. వరండాలో నిలబడి, సూది కింద దారం పట్టుకునే షటిల్ ఎలా విప్పాలో, ఇరుక్కున్న దారం ఎలా లాగాలో చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. లోపలికెళితే తెర మీద కొట్లాట జరుగుతోంది. ఏం పోయిందిలే అనుకుని కూర్చుంది. ఇప్పుడు ఫోనులో ఈ సంగతి మేనకోడలికి చెప్పబోయి ఆగిపోయింది.

సోమవారం మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. ముందున్నవాడిని ఆవిడ ఎరుగును. పక్క వీధిలో బ్యాటరీల షాపు అతనిది. ఆ హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడు. క్లినిక్కుకు సెలవు కావడంతో మేనకోడలు కూడా కొట్లోనే ఉంది. మూడోవాడు లోపలికొస్తూనే షట్టరు సగానికి లాగేశాడు. కొట్లో వెలుతురు మోకాళ్ల ఎత్తుకు దిగిపోయింది.

"అత్తా, మేం గొడవకి రాలేదు" అన్నాడు బ్యాటరీలాయన, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "పెద్దదానివి. నువ్వంటే మాకు గౌరవమే."

"గౌరవం ఉన్నవాళ్లు షట్టరు ఎందుకు దించారు?" అంది మేనకోడలు.

"ఎండొస్తోంది కదా చెల్లీ."

జేబులోంచి మడత కాగితం తీసి మిషను బల్ల మీద పెట్టాడు. అందులో మూడు ముక్కలున్నాయి. సినిమా చూడకుండానే మాట్లాడాను. ఈ ఏడాది వచ్చినవాటికల్లా ఇది గొప్ప సినిమా. అభిమానులందరూ క్షమించాలి.

"ఇది ఫోనులో చదివేస్తే మా దారిన మేం పోతాం" అన్నాడు.

"మా అత్త చూడకుండా మాట్లాడదు! టికెట్టు ముక్కలన్నీ డబ్బాలో దాచుకుంటుంది, చూపించనా?" అని మేనకోడలు లేచింది.

ఆ వెనకేసుకు రావడమే అత్తకు సూదిలా దిగింది. రెండోవాడు బల్ల మీదున్న మిషను చక్రాన్ని ఊరికే తిప్పుతున్నాడు. సూది టకటకా కిందికీ పైకీ ఆడుతోంది. అది స్కూలు యూనిఫాంలు కుట్టే దర్జీ మిషను. చెయ్యి తియ్యమనలేకపోయింది అత్త. చదివేస్తే పోతుందిగా అనిపించింది ఒక్క క్షణం. మొదటి ముక్క ఎలాగూ సగం నిజమేనాయె.

"కాగితం చదవను" అంది చివరికి. "కానీ మీరన్నదాంట్లో కొంత నిజముంది. ఇంటర్వెల్ తరవాత పది నిమిషాలు నేను బయట ఉన్నాను."

మేనకోడలు గిరుక్కున తిరిగి చూసింది. ఆ చూపు తట్టుకోవడం ముగ్గురు మగవాళ్లను తట్టుకోవడం కన్నా కష్టమైంది.

"చూశావా! నోటితోనే ఒప్పుకుంది!" అన్నాడు షట్టరు దించినవాడు.

"ఆగరా" అన్నాడు బ్యాటరీలాయన. "అయితే చదువు మరి."

"రెండున్నర ఆటకి ఇంకా టైముంది. మీరూ రండి. మళ్లీ చూస్తాను. చూశాక నాకేమనిపిస్తే అది మీ ఎదుటే చెప్తాను. నా నోటికి కాగితాలు అక్కర్లేదు."

బ్యాటరీలాయన స్టూలు మీంచి లేచాడు. చిత్రంగా, కాదనలేకపోయాడు. తన హీరో సినిమా చూస్తానంటే వద్దనడం ఏ అభిమానికి చేతనవుతుంది?

హాల్లో ఆవిడకు ఒక పక్క బ్యాటరీలాయన, రెండో పక్క మేనకోడలు. వెనక వరసలో మిగతా ఇద్దరూ. హీరో వచ్చినప్పుడల్లా ఈలలు వేశారు. ఒకడి మోకాలు ఆవిడ కుర్చీ వీపుకు తగులుతూనే ఉంది. కావాలనో, కాలు పొడుగై తగులుతోందో తెలియలేదు. అత్త చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది. ఇంటర్వెల్లో ఎవరూ లేవలేదు.

లైట్లు ఆరిపోయాయి. ఆసుపత్రి గది. కొడుకు యూనిఫాంలో వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. తల్లి అతన్ని గుర్తుపట్టలేదు. ఎవరో పోలీసాయన అనుకుని భయంగా ముడుచుకుంది. అంతలో అతని చొక్కా గుండీ ఒకటి ఊడి వేలాడుతుంటే, చెయ్యి చాచి దాన్ని సర్దింది. పెద్ద పెద్ద డైలాగులేమీ లేవు. కొడుకు కదలకుండా నిలబడ్డాడు, అంతే.

అత్త కొంగు అందుకుని కళ్లు తుడుచుకుంది. ఆ నటి ఎంత బాగా చేసిందో! ఆ సీను లేదని తను వేలమందికి చెప్పింది. పక్కకు తిరిగితే బ్యాటరీలాయన తెర చూడటం లేదు. ఆవిడ మొహమే చూస్తున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి అతనికి.

ఆ తరవాత గంటన్నర కొట్లాటలే.

ఆట వదిలాక హాలు మెట్ల పక్కన మేనకోడలు ఫోను ఎత్తింది. జనం ఆగి గుమిగూడారు.

"మొన్న తప్పు చెప్పాను. తల్లి సీను ఉంది" అంది అత్త. "ఆ టైములో నేను బయట ఫోను మాట్లాడుతున్నాను. చూడనిది చూడలేదని చెప్పాల్సింది, చెప్పలేదు. అది నాదే తప్పు. ఆ సీను చేసినావిడకీ రాసినవాళ్లకీ క్షమాపణ చెప్తున్నాను. ఈ నెల చూసిన నాలుగు సినిమాల్లోనూ అంత మంచి సీను ఇంకోటి లేదు."

బ్యాటరీలాయన తల ఊపాడు. "చాలు. ఇక ఆపెయ్ చెల్లీ."

"ఇంకా అవ్వలేదు" అంది అత్త. "మిగతా సినిమా మాత్రం నాకు నచ్చలేదు. అంత మంచి హీరోని పట్టుకుని రోకలిబండలా వాడారు. నలభై నిమిషాలు కత్తిరించెయ్యొచ్చు."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. బ్యాటరీలాయన మొహం ఎర్రబడింది. ఒక్క అంగలో వచ్చి ఫోను లాగేసుకున్నాడు. మేనకోడలు కెవ్వుమంది. అతను చెయ్యెత్తాడు, నేలకేసి కొట్టడానికి. అత్త వెళ్లి ఆ చేతి కింద నిలబడింది. ఏం చెయ్యాలో తెలిసి కాదు. కాళ్లు తీసుకెళ్లాయి.

"అన్నా, ఇచ్చెయ్యన్నా" అన్నాడు వెనక నుంచి మిషను చక్రం తిప్పినవాడు. "అమ్మ సీను గురించి చెప్పిందిగా."

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. ఫోను మేనకోడలి చేతిలో పెట్టి, ఎవరి వైపూ చూడకుండా జనాన్ని తోసుకుంటూ వెళ్లిపోయాడు.

దారిలో మేనకోడలు ఫోను సంచిలో పడేసి ముందు నడిచింది. మలుపు దగ్గర, "నాకైనా చెప్పొచ్చుగా అత్తా" అంది.

"నీ దగ్గర చులకనవుతానని భయపడ్డానే" అంది అత్త.

మర్నాడు పొద్దున కొట్టు బోర్డు నిండా నల్లరంగు పూసి ఉంది. ఎవరు పూశారో తెలియలేదు. యూనిఫాంల దర్జీ వచ్చి, మొహం చాటేస్తూ తన మిషను పట్టుకుపోయాడు. పోలీసు స్టేషనులో రైటరు ఫిర్యాదంతా శ్రద్ధగా రాసుకుని, కలం మూత పెడుతూ, "ఇంతకీ సినిమాకి వెళ్లొచ్చంటారా?" అని అడిగాడు. మేనకోడలికి ఒళ్లు మండింది. అత్త మాత్రం, "ఇంటర్వెల్లో లేవకండి" అని చెప్పింది.

శుక్రవారం జంతువుల సినిమా వచ్చింది, పిల్లలది. అత్త వెళ్లింది. తలుపు కిర్రుమన్నప్పుడల్లా మెడ తిప్పి చూసింది. వెనక ఎవరు కూర్చున్నా వీపు బిగుసుకుపోయింది. పిల్లలంతా పగలబడి నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో పక్కనున్న పాపను అడగాల్సివచ్చింది.

శనివారం మేనకోడలు ఫోను ఎత్తింది. ఈసారి వినేవాళ్లు రెట్టింపయ్యారు. వాళ్లలో సగం మంది తిట్టడానికే వచ్చారని ఇద్దరికీ తెలుసు.

"ఈ సినిమా గురించి ఇవాళ ఏమీ చెప్పను" అంది అత్త. "తెర కంటే తలుపునే ఎక్కువ చూశాను. రేపు మళ్లీ వెళ్తున్నాను. చూసొచ్చి చెప్తాను."

ఫోను కట్టేయమని చెప్పి, నూనె డబ్బా అందుకుంది.